పాకుడు పట్టిన రాళ్లే ఫిల్టర్

న్యూజీలాండ్ నగరం ఆక్లాండ్‌లో సముద్రం వెంబడి సాగే టామకి డ్రైవ్ రోడ్డు మీద, ఓరాకెయ్ దగ్గర, నేల లోపల ఒక అక్వేరియం ఉంది. మునిగిపోయిన ఓడల కోసం సముద్రాలు గాలించిన డైవర్ కెల్లీ టార్ల్‌టన్ దాన్ని కట్టించాడు. 1985 జనవరి 25న తెరిచారు. యాక్రిలిక్ సొరంగంలో నిలబడితే కాళ్ల కింద బెల్టు కదులుతుంటుంది, నెత్తి మీంచి సొరచేపలు ఈదుకుంటూ పోతాయి. ఊరు చూడటానికి వచ్చిన చుట్టాల్ని తీసుకెళ్లడానికి అంతకంటే మంచి చోటు ఉండదు. ఆ సొరచేపలు తిరిగే తొట్లు ఒకప్పుడు నగరపు మురుగునీటి ట్యాంకులన్న సంగతి చుట్టాలకు చెప్పాలా వద్దా అన్నది ఎవరిష్టం వాళ్లది.

1960ల మొదట్లో ఆ మురుగును మాంగెరెలోని శుద్ధి కేంద్రానికి మళ్లించాక ఓరాకెయ్ ట్యాంకులు వాడకంలో లేకుండా పడి ఉన్నాయి. టార్ల్‌టన్ వాటిని చూసి అక్వేరియం ఊహించాడు. తెరిచిన రెండు నెలల్లోపే, అదే ఏడాది మార్చిలో, ఆయన చనిపోయాడు.

మురుగుకీ చేపల తొట్టికీ మధ్య దూరం మనం అనుకునేంత లేదు. మాంగెరెలోని పెద్ద పెద్ద ట్యాంకుల్లో ఆక్లాండ్ మురుగులోని అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చేది బ్యాక్టీరియా. ఇంట్లో టీవీ పక్కన పెట్టుకున్న రెండడుగుల గాజుతొట్టిలో ఆ పని చేసేవి కూడా ఆ కోవకు చెందినవే. అక్కడ ఇంజినీర్లు వాటికి గాలి ఊదుతారు. ఫిల్టర్ ఉన్న తొట్టిలో చిన్న మోటారు స్పాంజి గుండా నీళ్లు తోస్తుంది. ఫిల్టరే లేని తొట్టిలో ఊదేవాళ్లూ తోసేవాళ్లూ ఉండరు. అలాంటి తొట్టిలో ఈ బ్యాక్టీరియా ఎలా నిలదొక్కుకుంటుంది, అసలు నిలదొక్కుకుంటుందా?

నిలదొక్కుకుంటుంది. కానీ చేపల కంటే ముందు దాన్ని రానివ్వాలి. ఫిల్టర్ లేని తొట్లు చెడిపోయేది ఎక్కువగా ఈ వరుస తప్పడం వల్లే.

చేప తిన్న మేతలోని మాంసకృత్తులు అరిగాక మిగిలే వ్యర్థం ప్రధానంగా అమ్మోనియా. మనలాగా యూరియాగా మార్చుకుని మూత్రంలో వదిలే పని చేప పెద్దగా పెట్టుకోదు. చాలా భాగాన్ని మొప్పల్లోంచే నేరుగా నీళ్లలోకి వదిలేస్తుంది. నదిలోనైతే ఆ అమ్మోనియా కొట్టుకుపోతుంది. గాజుతొట్టిలో ఎక్కడికీ పోదు, మళ్లీ ఆ మొప్పలకే తగులుతుంది. తినకుండా మిగిలిన మేత, కుళ్లిన ఆకు, చచ్చిన నత్త కూడా చివరికి అమ్మోనియాగానే తేలతాయి.

అమ్మోనియా అంతా ఒకే రకంగా విషం కాదు. నీళ్లలో అది రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి పెద్దగా హాని చేయని అమ్మోనియం, రెండోది మొప్పల్ని కాల్చేసే అమ్మోనియా. ఏది ఎంత అన్నది నీటి పీహెచ్, వెచ్చదనం తేలుస్తాయి. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉంటే విషరూపం మొత్తంలో సుమారు 0.6 శాతమే. పీహెచ్ 8కి పెరిగితే అది 5 శాతం దాటుతుంది, అంటే దాదాపు పది రెట్లు. ఒకే కొలత చూపించిన రెండు తొట్లలో ఒకదాంట్లో చేపలు హాయిగా తిరుగుతూ, మరోదాంట్లో నీటిపైకి వచ్చి నోళ్లు తెరవడానికి కారణం ఇదే.

అమ్మోనియాను తినే బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. ఇదీ విషమే. చేప రక్తంలోకి చేరి, ఆక్సిజన్ మోసే పదార్థాన్ని పనికిరాకుండా చేస్తుంది. రక్తం ఎర్రదనం పోయి గోధుమరంగుకు తిరుగుతుంది. నీళ్లలో గాలి ఉన్నా చేపకు ఊపిరి ఆడదు. ఇంకో రకం బ్యాక్టీరియా వచ్చి ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చినప్పుడే గండం గట్టెక్కినట్టు. నైట్రేట్ కొంత మోతాదు దాకా చేపల్ని ఇబ్బంది పెట్టదు. మొక్కలకు అది ఎరువు.

ఈ మార్పు జీవులు చేసే పని అని తేలింది అక్వేరియంలో కాదు, మురుగులోనే. 1877లో ఫ్రాన్స్‌లో ష్లోజింగ్, ముంట్జ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఇసుక, సున్నపురాయి నింపిన గొట్టంలోంచి మురుగునీటిని మెల్లగా దింపారు. మొదటి ఇరవై రోజులూ ఏమీ జరగలేదు. అమ్మోనియా పోసింది పోసినట్టే కిందికి వచ్చింది. ఆ తర్వాత నైట్రేట్ కనిపించడం మొదలైంది. క్లోరోఫాం ఆవిరి పంపగానే ఆగిపోయింది. రసాయన చర్య అయితే క్లోరోఫాంకి ఆగదు, ఆగిందంటే లోపల ప్రాణమున్నది ఏదో ఉందన్నమాట. కొత్త అక్వేరియం పెట్టినవాళ్లు విసుగెత్తిపోయే మూడు వారాల నిరీక్షణ అప్పుడే ఆ గొట్టంలో రికార్డయింది.

ఇంకో కథ తండ్రీకొడుకులది. ఇద్దరి పేరూ రాబర్ట్ వారింగ్‌టనే. తండ్రి లండన్‌లో రసాయన శాస్త్రవేత్త. 1849లో ఒక గాజుపాత్రలో గోల్డ్‌ఫిష్‌లు రెండు, వాలిస్‌నేరియా అనే నీటిమొక్క వేశాడు. కుళ్లిన ఆకులు నీళ్లను పాడుచేస్తుంటే వాటిని తినడానికి నత్తల్ని చేర్చాడు. పంపు లేదు, ఫిల్టర్ లేదు. తొట్టి నిలబడింది. మొక్కలు ఆక్సిజన్ ఇస్తున్నాయి, చేపలు బొగ్గుపులుసు వాయువు ఇస్తున్నాయి, అందుకే సమతూకం కుదిరిందని 1850లో ఆయన కెమికల్ సొసైటీకి నివేదించాడు. ఆయన లెక్కలో బ్యాక్టీరియా లేదు. ఈ పని దానిదని అప్పటికి ఎవరికీ తెలియదు. దాన్ని వెతికే పని కొడుకు చేశాడు. రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పనిచేస్తూ, అమ్మోనియా నైట్రేట్ కావడం రెండు దశల్లో జరుగుతుందనీ, ఒక్కో దశకు ఒక్కో జీవి కావాలనీ చూపించాడు. కానీ ఆ జీవిని విడదీసి పట్టుకోలేకపోయాడు. 1890 ప్రాంతంలో ఆ ఘనత రష్యన్ శాస్త్రవేత్త సెర్గేయ్ వినోగ్రాడ్‌స్కీకి దక్కింది. తండ్రి తొట్టిలో నలభై ఏళ్ల కిందటే పనిచేసి పెట్టిన జీవి కోసం కొడుకు ఏళ్ల తరబడి గాలించడం విజ్ఞాన చరిత్రలోని తమాషాల్లో ఒకటి.

ఆ తర్వాత నూరేళ్లు పుస్తకాలన్నీ రెండే పేర్లు చెప్పాయి: నైట్రోసోమోనాస్, నైట్రోబాక్టర్. 1998లో టిమోతీ హోవనెక్, ఆయన సహచరులు మంచినీటి అక్వేరియంలను పరీక్షిస్తే నైట్రైట్‌ను తినేది నైట్రోబాక్టర్ కాదు, నైట్రోస్పైరా అని తేలింది. 2005లో సియాటిల్ నగరంలోని అక్వేరియం నుంచే, బ్యాక్టీరియా కాని ఆర్కియా అనే మరో తెగ జీవి బయటపడింది. అదీ అమ్మోనియానే తింటుంది. 2011లో కెనడా పరిశోధకులు చూస్తే చాలా మంచినీటి తొట్ల ఫిల్టర్లలో ఈ ఆర్కియాదే పైచేయి. 2015లోనైతే రెండు దశల పనినీ ఒక్కతే చేసేయగల నైట్రోస్పైరా దొరికింది. అది దొరికిన చోట్లలో చేపల పెంపకం ట్యాంకుల శుద్ధి విభాగం ఒకటి. సీసాలో ‘ఫలానా బ్యాక్టీరియా’ అని చెప్పి అమ్మే సరుకును కొంచెం అనుమానంగా చూడటానికి ఈ చరిత్ర చాలు. ఏ తొట్టిలో ఏ తెగ స్థిరపడుతుందో తొట్టే తేల్చుకుంటుంది.

ఇవి ఉండేది నీళ్లలో కాదు. పాకుడులో. రాళ్ల మీద, గాజు మీద, మొక్కల కాండాల మీద, చెక్క మీద చేతికి జారుడుగా తగిలే పలుచని పొర అది. నీళ్లన్నీ పారబోసినా వీటిలో చాలా భాగం తొట్టిలోనే ఉండిపోతాయి, రాళ్లు కడిగేస్తేనే పోతాయి. గట్టి వెలుతురు వీటికి పడదు, అందుకే గులకరాళ్ల అడుగున, సందుల్లో ఎక్కువగా ఉంటాయి. ఆక్సిజన్ మాత్రం బాగా కావాలి. ఒక గ్రాము అమ్మోనియా నైట్రోజన్‌ను నైట్రేట్ చేయడానికి నాలుగున్నర గ్రాముల పైచిలుకు ఆక్సిజన్ ఖర్చవుతుంది.

ఇక ఫిల్టర్ చేసేదేమిటంటే, ఎక్కువ పాకుడు పట్టే జాగా ఒకచోట కుదించి, దాని మీదుగా గాలి కలిసిన నీటిని ఆపకుండా నడపడం. సదుపాయమే, కాదనలేం. ఆ సదుపాయానికి ఒక బలహీనత ఉంది. కరెంటు పోతే నీటి ప్రవాహం ఆగుతుంది, మూసి ఉన్న డబ్బాలోని బ్యాక్టీరియా గంటల్లోనే ఆక్సిజన్ అయిపోగొట్టుకుని చనిపోవడం మొదలవుతుంది. 2011 ఫిబ్రవరి 22న న్యూజీలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ భూకంపంలో నగరంలో ఎక్కువ భాగానికి కరెంటు లేదు. 2023 ఫిబ్రవరిలో గాబ్రియెల్ తుపానుకు రెడ్‌క్లిఫ్ సబ్‌స్టేషన్ మునిగిపోయి అదే దేశంలోని నేపియర్ రోజుల తరబడి చీకట్లో ఉంది. రాళ్లనీ మొక్కల్నీ నమ్ముకున్న తొట్టికి అలాంటి రోజుల్లో చలి తప్ప వేరే దిగులుండదు.

అయితే హద్దు ఎక్కడో తెలియాలి. అది చేపల లెక్కలో కంటే మేత లెక్కలో బాగా అర్థమవుతుంది. చేపల మేతలో 40 శాతం మాంసకృత్తులు ఉన్నాయనుకుందాం. మాంసకృత్తుల్లో 16 శాతం నైట్రోజన్. అంటే ఒక గ్రాము మేతలో 64 మిల్లీగ్రాముల నైట్రోజన్ ఉంది. అందులో సగం అమ్మోనియాగా బయటికొచ్చినా 60 లీటర్ల తొట్టిలో లీటరుకు అర మిల్లీగ్రాము చొప్పున చేరుతుంది. ఒక్క రోజులో, ఒక్క గ్రాముకి. మేత తినకుండా కుళ్లిపోతే ఇంకా ఎక్కువ. చిటికెడు మేత చాలే నాలుగు చిన్న చేపలున్న తొట్టి దీన్ని తట్టుకుంటుంది. పిల్లలు ముచ్చటపడి రోజుకు మూడుసార్లు గుప్పించే తొట్టి తట్టుకోదు. దుకాణంలో చూడముచ్చటగా కనిపించే గుండ్రటి బౌల్‌లో గోల్డ్‌ఫిష్ వేయడం అన్నిటికంటే చెడ్డ పని. గోల్డ్‌ఫిష్ తిండిపోతు, బాగా పెరుగుతుంది. బౌల్ మూతి సన్నం, గాలి సోకే నీటి వైశాల్యం తక్కువ.

ఫిల్టర్ లేని తొట్టిలో అసలు బరువు మోసేది మొక్కలు. చాలా నీటిమొక్కలకు నైట్రేట్ కంటే అమ్మోనియం అంటేనే ఇష్టం. బ్యాక్టీరియా అందుకోకముందే అవి లాగేసుకుంటాయి. అమెరికన్ రచయిత్రి డయానా వాల్‌స్టాడ్ 1999లో వచ్చిన తన పుస్తకంలో ఈ సంగతినే ఆధారం చేసుకుని, అడుగున మట్టి, పైన మొక్కలతో సాధారణ తొట్టి పెంచే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. మంచి బ్యాక్టీరియా పెంచుకోవడం గురించి ఎంత చెప్పుకున్నా, మొక్కలు లేకుండా ఫిల్టర్ తీసేయడం దండగ. మొక్కలు ముందు, బ్యాక్టీరియా తర్వాత, చేపలు ఆఖరున.

న్యూజీలాండ్‌లో చిక్కు ఇక్కడే వస్తుంది. వారింగ్‌టన్ తొట్టిలో ఉన్న వాలిస్‌నేరియాను ఆ దేశంలో అమ్మకూడదు, పెంచి పంచకూడదు. 2001లో మొదలైన జాతీయ కలుపుమొక్కల ఒప్పందం జాబితాలో అది ఉంది. వేగంగా పెరిగి అమ్మోనియా పీల్చేస్తుందని ప్రపంచమంతటా కొత్తవాళ్లకు సిఫారసు చేసే హార్న్‌వర్ట్ కూడా అందులో ఉంది. ఎజీరియా, లాగరోసైఫన్, మన గుర్రపుడెక్క, మన అంతరతామర అన్నీ అదే కోవ. హైదరాబాద్‌లో పది రూపాయల మొక్కను అక్కడ అమ్మితే నేరం. కారణం లేకపోలేదు. న్యూజీలాండ్‌లో ఉన్న ఎజీరియా అంతా మగమొక్కలే, లాగరోసైఫన్ అంతా ఆడమొక్కలే. ఒక్క విత్తనం పుట్టకుండానే, తెగిన ముక్కల నుంచే మొలిచి సరస్సులకు సరస్సులు కప్పేశాయి. జలవిద్యుత్ కేంద్రాలకు నీళ్లు వెళ్లే దారులకు అడ్డం పడతాయి. హాక్స్ బే ప్రాంతంలో టుటిరా సరస్సును పట్టుకున్న హైడ్రిల్లాను తినడానికి ప్రభుత్వం 2008లో గడ్డిచేపల్ని దింపాల్సివచ్చింది. కొల్లేరు పక్క రైతులకు బాగా తెలిసిన చేపే, అక్కడ కలుపు కూలీగా కుదిరింది.

మిగిలినవి తక్కువేం కాదు. జావా ఫెర్న్, అనూబియాస్ రాయికో చెక్కకో కట్టేస్తే బతుకుతాయి. వీటి ఎదుగుదల నెమ్మది, అమ్మోనియా పీల్చడంలో చురుకు తక్కువ, కానీ వేళ్లూ ఆకులూ పాకుడుకు మంచి జాగా. నీటిపై తేలే చిన్న డక్‌వీడ్ చురుకైనది. గాలిలోని బొగ్గుపులుసు వాయువును నేరుగా తీసుకుంటుంది కాబట్టి ఆకలి ఎక్కువ. ఏ మొక్కైనా కొనేముందు పేరు జాబితాలో లేదని చూసుకోవాలి. మొక్కల వెంట ఒక చిన్న నత్త ఉచితంగా వస్తే భయపడనక్కర్లేదు, అది ఆ దేశపు సొంత నత్త కావచ్చు. న్యూజీలాండ్ మడ్ స్నెయిల్ యూరప్‌లో, అమెరికాలో దండయాత్ర చేసిన జీవిగా పేరు మోసింది. చెడు సరుకు ఎప్పుడూ ఒకవైపే ప్రయాణించదు మరి.

తర్వాత నీళ్లు. క్రైస్ట్‌చర్చ్ వాళ్లకు 2018 దాకా ఒక అదృష్టం ఉండేది. భూగర్భం నుంచి వచ్చే వాళ్ల కుళాయి నీళ్లలో క్లోరిన్ కలిపేవారు కాదు. తొట్టిలోకి నేరుగా పట్టుకోవచ్చు. 2016 ఆగస్టులో ఉత్తర దీవిలోని హావ్‌లాక్ నార్త్ అనే ఊళ్లో, అలాగే క్లోరిన్ లేని బోరు నీళ్లలో గొర్రెల పెంట కలిసి, కాంపిలోబాక్టర్ సోకి ఐదు వేల మందికి పైగా జబ్బుపడ్డారు. నలుగురి మరణాలకు దాన్ని కారణంగా చెప్పారు. ఆ తర్వాత దేశమంతా బోర్ల తనిఖీ మొదలైంది. క్రైస్ట్‌చర్చ్ బావుల మూతలు భద్రంగా లేవని తేలి 2018లో ‘తాత్కాలికంగా’ క్లోరిన్ మొదలైంది. 2021లో వచ్చిన నీటి సేవల చట్టం, మినహాయింపు సంపాదించుకుంటే తప్ప, సరఫరా గొట్టాల్లో క్లోరిన్ లాంటిది ఉండాల్సిందేనంది. ఊరి జనానికి అది మంచిదే. తొట్టిలోని పాకుడుకు కాదు. మనుషుల పొట్టలోకి పోయే చెడు బ్యాక్టీరియాను చంపే క్లోరిన్‌కు మంచి బ్యాక్టీరియాను గుర్తుపట్టే తెలివి లేదు. చేప మొప్పల్నీ అది కాలుస్తుంది.

విరుగుడు చవక. బకెట్లో పట్టి మూత లేకుండా ఒక రోజు ఉంచి, మధ్యలో కలియబెడితే క్లోరిన్ ఎగిరిపోతుంది. తొందరుంటే సోడియం థయోసల్ఫేట్ ఉన్న ద్రావణం కొన్ని చుక్కలు. పెంపుడు జంతువుల దుకాణాల్లో ‘వాటర్ కండిషనర్’ అని అడిగితే ఇస్తారు.

అంత సులువుగా కనబడని సమస్య నీటి మెత్తదనం. ఆక్లాండ్‌కు వచ్చేది వైటాకెరె, హునువా కొండల డ్యాముల నీళ్లు, వైకాటో నది నీళ్లు. వాన నీళ్లకు దగ్గరగా ఉండే ఇలాంటి నీళ్లలో ఖనిజాలు తక్కువ. అమ్మోనియాను మార్చే క్రమంలో బ్యాక్టీరియా నీటిలోని క్షారతను ఖర్చు చేస్తుంది. ఒక గ్రాము అమ్మోనియా నైట్రోజన్‌కు ఏడు గ్రాముల పైగా, సున్నపురాయి లెక్కన. నల్గొండ బోరు నీళ్లలాంటి గట్టి నీళ్లకు అది లెక్కే కాదు. మెత్తటి నీళ్లలో మాత్రం కొన్ని నెలలకు నిల్వ అయిపోయి, పీహెచ్ 6 దగ్గరికి జారిపోతుంది. అక్కడ బ్యాక్టీరియా దాదాపు పని మానేస్తుంది. బాగా నడుస్తున్న తొట్టి ఉన్నట్టుండి చెడిపోయిందని వాపోయేవాళ్లలో చాలామందికి జరిగింది ఇదే అయ్యుంటుంది. కోళ్లకు పెట్టే గుల్లల పొడి, అక్కడి దుకాణాల్లో ‘షెల్ గ్రిట్’ అంటారు, ఒక చెంచాడు పలుచని గుడ్డసంచిలో కట్టి తొట్టిలో పడేస్తే మెల్లగా కరుగుతూ క్షారతను నిలబెడుతుంది.

చలి సంగతి ఆ దేశంలో ఇల్లు అద్దెకు తీసుకున్న ఎవరైనా చెబుతారు. అద్దె ఇళ్ల ప్రధాన గదిని కనీసం 18 డిగ్రీలకు వేడి చేయగల హీటర్ ఉండాలని 2019లో ప్రత్యేకంగా నిబంధన తేవాల్సివచ్చిందంటే, అంతకుముందు పరిస్థితి ఊహించుకోవచ్చు. ఈ బ్యాక్టీరియాకు 25 నుంచి 30 డిగ్రీల మధ్య హాయి. 15 డిగ్రీల దగ్గర దాని వేగం సగానికో అంతకంటే తక్కువకో పడిపోతుంది. అసలే ఇది నింపాదిగా పెరిగే జాతి. ఈ-కోలై లాంటిది అనుకూలమైతే ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతుంది, అమ్మోనియా తినేవాటికి మంచి రోజుల్లోనే సగం రోజు, ఒక్కోసారి రోజంతా పడుతుంది. విజయవాడ ఎండల్లో నెల రోజుల్లో కుదిరే తొట్టి అక్కడి డునెడిన్ నగరపు జూలై చలిలో మూడు నెలలు తీసుకున్నా ఆశ్చర్యం లేదు. ఫిల్టర్ వద్దనుకున్నవాళ్లు కూడా మొదటి రెండు నెలలకు చిన్న హీటర్ పెట్టుకుంటే మంచిది. లేదంటే వేసవి మొదలయ్యే వేళ, అంటే అక్కడి నవంబరు, డిసెంబరులో మొదలుపెట్టాలి.

ఇక తొట్టి పెట్టే తీరు. లోతు కంటే వెడల్పు ఎక్కువున్న గాజుతొట్టి తీసుకోవాలి. అడుగున ఎరువు కలపని తోటమట్టి ఒక అంగుళం, పైన అంతే మందాన సన్న గులకరాళ్లు. మట్టి లోతులో ఆక్సిజన్ లేని చోట వేరే రకం బ్యాక్టీరియా చేరి నైట్రేట్‌ను నైట్రోజన్ వాయువుగా మార్చి గాలిలోకి పంపేస్తుంది. సాధారణ ఫిల్టర్‌కు ఆ పని చేతకాదు. మట్టి బదులు దుకాణంలో సంచుల్లో దొరికే పాటింగ్ మిక్స్ వాడేవాళ్లు సంచి మీది హెచ్చరిక చదవాలి. న్యూజీలాండ్‌లో ఆ మిశ్రమాల్లో లెజియొనెల్లా ఉండి ఊపిరితిత్తుల జబ్బు తెచ్చిన సందర్భాలు చాలా ఉన్నాయి. మాస్కు, చేతి తొడుగులు వేసుకుని, ముఖానికి దూరంగా విప్పాలి.

మొక్కలు నాటి, క్లోరిన్ పోయిన నీళ్లు పోశాక చేపలు వేయకూడదు. బ్యాక్టీరియాకు తిండి మాత్రం వేయాలి. రోజూ చిటికెడు చేపల మేత, లేదా గుడ్డలో కట్టిన చిన్న పచ్చిరొయ్య ముక్క చాలు. అవి కుళ్లి అమ్మోనియా ఇస్తాయి. సూపర్‌మార్కెట్‌లో ‘క్లౌడీ అమ్మోనియా’ అని దొరికేది ఇల్లు తుడిచే సరుకు, అందులో సబ్బు ఉంటుంది. దాన్ని తొట్టిలో పోయకూడదు.

బ్యాక్టీరియా ఎక్కడి నుంచి వస్తుంది? మట్టితో, మొక్కలతో, దుమ్ముతో ఎలాగూ వస్తుంది. తొందరగా రావాలంటే పెరుగుకు తోడు తెచ్చుకున్నట్టే తెచ్చుకోవాలి. ఆరోగ్యంగా నడుస్తున్న తొట్టి నుంచి గుప్పెడు రాళ్లో, పాకుడు పట్టిన చెక్క ముక్కో. పాలలాగా తెల్లారేసరికి తోడుకోదు, ఎనిమిది వారాలు పట్టేది మూడు, నాలుగు వారాలకు తగ్గుతుంది. తెచ్చే దారిలో అవి తడిగా ఉండాలి, ఎండిపోయినా కుళాయి కింద కడిగినా తెచ్చి లాభం లేదు. అవతలి తొట్టిలో రోగాలుంటే అవీ వస్తాయి కాబట్టి, తెలిసినవాళ్ల తొట్టి అయితే మేలు.

నదికి వెళ్లి నాలుగు పాకుడు రాళ్లు తెచ్చుకుంటే పోలేదా అనిపిస్తుంది. అక్కడ అది పనికిరాదు. 2004లో దక్షిణ దీవి నదుల్లో డిడిమో అనే నాచు బయటపడింది. 2023 మేలో వైకాటో నదిలో గోల్డ్ క్లామ్ అనే ఆల్చిప్ప దొరికింది. తడి రాయి మీద, బురదలో కంటికి కనిపించనంత చిన్నగా ప్రయాణిస్తాయి. నది నీళ్లు తగిలిన ప్రతి వస్తువునూ చూడండి, కడగండి, ఆరబెట్టండి అని ప్రభుత్వం మొత్తుకుంటోంది. సీసాలో బ్యాక్టీరియాను విదేశాల నుంచి పోస్టులో తెప్పించుకోవడమూ కుదరదు. సూక్ష్మజీవుల దిగుమతికి అనుమతులు కావాలి.

మొదటి వారంలో నీళ్లు పాలలా తెల్లబారవచ్చు. అది వేరే రకం బ్యాక్టీరియా, కుళ్లే పదార్థాన్ని తిని ఒక్కసారిగా పెరిగేది. కంగారుపడి నీళ్లన్నీ మార్చేస్తే పని మళ్లీ మొదటికి వస్తుంది. నాలుగైదు రోజులకు దానంతటదే తేటపడుతుంది. చుక్కలు వేసి రంగు చూసే పరీక్ష కిట్ ఒకటి కొనక తప్పదు, ఈ మొత్తం ఖర్చులో వృథా కానిది అదే. ముందు అమ్మోనియా పెరుగుతుంది. రెండు మూడు వారాలకు అది తగ్గుతూ నైట్రైట్ పెరుగుతుంది. నైట్రైట్ దశ మొండిది, ఎక్కువమంది ఓపిక నశించేది అక్కడే. తర్వాత అదీ పడిపోయి నైట్రేట్ మిగులుతుంది. మొక్కలు దట్టంగా ఉంటే ఈ వరుస ఏదీ స్పష్టంగా కనిపించకపోవచ్చు, మధ్యలోనే అవి తినేస్తాయి కనుక. అప్పుడు మేత కాస్త ఎక్కువ వేసి చూడాలి. మర్నాడూ ఆ మర్నాడూ కూడా అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపిస్తే తొట్టి సిద్ధం.

చేపలు ఒకేసారి కాకుండా కొన్ని కొన్నిగా వేయాలి. ఎందుకంటే బ్యాక్టీరియా దానికి అందిన తిండి మేరకే ఉంటుంది, రేపు రాబోయే వాటి కోసం ముందే పెరిగి కూర్చోదు. హీటర్ లేని ఇంట్లో చల్లటి నీళ్లు ఓర్చుకునే వైట్ క్లౌడ్ మిన్నో, మన దేశపు వాగుల్లో పుట్టిన జీబ్రా డానియో లాంటి చిన్న చేపలు నయం. 1999 నాటి అక్కడి జంతు సంక్షేమ చట్టం చేపను కూడా జంతువుగానే లెక్కిస్తుంది. కొత్త తొట్టిలో చేపల్ని వేసి, చచ్చినవి చావగా మిగిలినవాటితో తొట్టిని కుదురుకోనివ్వడం ఒకప్పుడు మామూలు పద్ధతి. ఇప్పుడు దానికి సాకు లేదు.

కుదిరిన తొట్టిని చెడగొట్టేది శుభ్రత పిచ్చి. పండక్కి ఇల్లు కడిగినట్టు రాళ్లన్నీ తీసి కుళాయి కింద తోమితే రెండు నెలల శ్రమ రెండు నిమిషాల్లో పోతుంది. వారానికో పదిరోజులకో పావు వంతు నీళ్లు మార్చడం, ముందు గాజుకు పట్టిన నాచు తుడవడం చాలు. జబ్బు చేసిన చేపకు యాంటీబయాటిక్స్, మిథిలిన్ బ్లూ లాంటి మందులు వేరే గిన్నెలో వాడాలి, తొట్టిలో కాదు.

ఈ విద్య తెలుగువాళ్లకు కొత్తదేం కాదు. భీమవరం చుట్టుపక్కల వనామీ రొయ్య చెరువులు ఫిల్టర్ లేని తొట్లే, కాకపోతే ఎకరాల్లో. తెల్లవారుజామున రొయ్యలు నీటిపైకి తేలితే ఆక్సిజన్ పడిపోయిందని అక్కడి రైతు చూడగానే చెబుతాడు. ఏరేటర్లు తిప్పుతాడు. బెల్లం, తవుడు పులియబెట్టి చెరువులో చల్లుతాడు. ఆ తీపి పిండిపదార్థం తిని పెరిగే బ్యాక్టీరియా అమ్మోనియాను తన ఒంట్లోకి లాగేసుకుంటుంది. అది నైట్రేట్ చేసే బ్యాక్టీరియా కాదు, చాలా వేగంగా పెరిగేది, వేగంగానే ఆక్సిజన్ కూడా తాగేస్తుంది. ఊళ్లో మామయ్య చెరువులో బెల్లం పనిచేసింది కదా అని ఆక్లాండ్ తొట్టిలో బెల్లం వేస్తే, ఏరేటర్ లేని ఆ నీళ్లలో చేపలు తెల్లారేసరికి తేలతాయి.

చివరిగా, తొట్టి మీద మోజు తీరిన రోజు గురించి. న్యూజీలాండ్ సరస్సులను పట్టిన కలుపుమొక్కల్లో కొన్ని ఎవరో ఒకరి అక్వేరియంలోంచి వెళ్లినవే. అక్కడి రోడ్డు పక్క వాననీటి కాలువలు శుద్ధి లేకుండా వాగుల్లోకి పోతాయి. కాబట్టి పాత నీళ్లు పచ్చికలోనో కుండీల్లోనో పోయండి. మొక్కల్ని, మట్టిని బాగా ఎండబెట్టి చెత్తలో వేయండి. చేపల్ని ఇంకొకరికి ఇవ్వండి, ఏ చెరువులోనూ వదలకండి. తొట్టిలో నిషేధిత మొక్క ఉందేమోనని అనుమానమొస్తే బయోసెక్యూరిటీ న్యూజీలాండ్ వాళ్ల ఉచిత నంబరు 0800 80 99 66.